తల వెనుక శిల్పం

మన ఇళ్ళలో ఆడపిల్లకు పూలజడ వేసిన రోజున ఫొటో తీయించేటప్పుడు ఒక చిన్న ఉపాయం చేసే వాడుక ఉన్నది. పిల్లను స్టూడియోలో నిలువుటద్దం ముందు, అద్దానికి వీపు చేసి నిలబెడతారు. ముఖం కెమేరాకు కనబడుతుంది. జడ అద్దంలో కనబడుతుంది. మొగలిరేకులు, మల్లెమొగ్గలు, జడగంటలు కూర్చి కుట్టటానికి ఇంటి ఆడవారు పడిన శ్రమ అంతా తల వెనుకనే ఉన్నది గదా! దానిని వదలి ముఖం ఒక్కటే తీయిస్తే అది సగం ఫొటోయే అవుతుందని మన పెద్దలకు బాగా తెలుసు.

అద్దం సాయం కూడా అక్కరలేకుండా, మనిషిని అటు తిప్పి నిలబెట్టి, తల వెనుక భాగాన్నే ఫొటో తీసి, అట్టి ఫొటోలు వెయ్యికి దగ్గరగా పోగుచేసిన పెద్దమనిషి ఒకరు ఆఫ్రికా ఖండంలో ఉండేవారు. వారు నైజీరియా దేశస్థులు. పేరు జె. డి. ఓఖాయ్ ఓజెయికెరె. 1930 లో జన్మించి, 2014 ఫిబ్రవరి 2 వ తేదీన లాగోస్ నగరంలో తమ 83 వ ఏట కన్నుమూశారు. వారి పని గూర్చి మన పాఠకులకు, ముఖ్యంగా మన సోదరీమణులకు, నాలుగు మాటలు చెప్పవలెనని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

అర్జీలతో మూడేండ్లు

ఓజెయికెరె గారు పుట్టినది నైజీరియా దక్షిణ భాగంలో, ఇప్పుడు ఎడో రాష్ట్రం అనబడే ప్రాంతంలోని ఒక పల్లె. ఫొటోగ్రాఫరు కావలెనని చిన్నప్పటినుండీ కలలు కన్నవారు కారు. ఇరవై యేండ్ల వయస్సులో, పొరుగున ఉన్న ఒకరు చెప్పిన సలహామీద, 1950 లో ఒక బ్రౌనీ కెమేరా కొన్నారు. దానికి ఫ్లాష్ దీపం కూడా లేదు. ఒక స్నేహితుడు దానిని పట్టుకొనే తీరు, ఫిలిం ఎక్కించే తీరు నేర్పాడు. ఆ మాత్రంతో ప్రారంభం.

1951 నుండి ఇబాదాన్ నగరంలోని గవర్నమెంటు సమాచార శాఖకు అర్జీలు పెట్టుకోవటం మొదలుపెట్టారు. కోరినది పెద్ద ఉద్యోగమేమీ కాదు. చీకటిగదిలో సహాయకుని పని. ఫిలిములు కడగటం, మందునీళ్ళలో కాగితాలు ముంచి బొమ్మ తేలేవరకు కనిపెట్టి ఉండటం, ఆరవేయటం — ఇంతే. జవాబు రాలేదు. మరల వ్రాశారు. మరల రాలేదు. మరల వ్రాశారు. చివరకు 1954 లో ఉద్యోగం దొరికింది. గుమాస్తాగిరీలో ఇరవై యేండ్లు గడిపిన మాకు అర్జీల సంగతి కొంత తెలుసు. మొదటి అర్జీకి జవాబు రాకపోతే రెండవది పంపేవారు కొందరుంటారు. మూడవది పంపేవారు అరుదు. మూడేండ్లపాటు ఒకే కోరికను ఒకే మర్యాదతో వ్రాస్తూ పోయిన మనిషి, తరువాత నలభై యేండ్లు ఒకే విషయాన్ని ఫొటో తీస్తూ పోయారంటే మాకు ఆశ్చర్యం కలుగలేదు. ఆ పట్టుదల రెంటికీ ఒకటే.

1960 అక్టోబరు 1 వ తేదీన నైజీరియాకు స్వాతంత్ర్యం వచ్చింది. మరుసటి యేడు ఓజెయికెరె గారు ఇబాదాన్‌లోని టెలివిజన్ సంస్థలో ఫొటోగ్రాఫరుగా చేరారు. 1963 లో లాగోస్ నగరానికి వచ్చి ఒక ప్రకటనల కంపెనీలో పనిచేశారు. 1967 లో నైజీరియా కళామండలిలో సభ్యులై చురుకుగా పాల్గొన్నారు. 1968 లో జుట్టు ముడుల చిత్రాలు తీయటం ప్రారంభించారు. 1975 లో లాగోస్‌లో సొంత స్టూడియో పెట్టుకొన్నారు. ఇన్ని మార్పులలోనూ ముడుల పని మాత్రం విడిచిపెట్టలేదు.

జుట్టుకు పెట్టిన పేర్లు

నైజీరియాలో యోరుబా జాతివారు ఎక్కువ సంఖ్యలో ఉన్నారు. వారికి తల అంటే శరీరంలో ఒక భాగం మాత్రమే కాదు. మనిషి అదృష్టం, నుదుటివ్రాత తలలోనే ఉంటుందని వారి నమ్మకం. మనవారు "తలరాత" అన్నట్లే ననుకోండి. అందువల్ల తలకు చేసే అలంకారం గౌరవమైన పని. జడ వేసే స్త్రీ చేతిలో మనిషి తలను పెట్టటమంటే ఆమెను నమ్మినట్లే.

ఆఫ్రికా జుట్టు మన జుట్టువలె జారదు. చుట్టలు చుట్టలుగా ఉండి, పెట్టిన చోట నిలుస్తుంది. ఆ గుణాన్నే ఆధారం చేసుకొని వారి కళ పెరిగింది. అందులో ముఖ్యంగా రెండు విధాలున్నవి. మొదటిది చేతితో అల్లటం. దువ్వెన మొనతో తలమీద సన్నని పాపిటలు తీసి, దుక్కి దున్నిన చేనిలో చాళ్ళవలె, తలకు అంటుకొని ఉండేటట్లు జడలు అల్లుతారు. అమెరికాలోని నల్లజాతివారు వీటిని మొక్కజొన్న చాళ్ళంటారు. కరేబియన్ దీవులలోనివారు చెరకు చాళ్ళంటారు. ఎవరు ఏ చేలో చెమటోడ్చారో ఆ పంట పేరే జుట్టుకు వచ్చింది. రెండవ విధం, పాయపాయకూ నల్లదారం బిగించి చుట్టటం. దారం చుట్టిన పాయ తీగవలె నిలబడుతుంది. దానిని వంచి కమాను కట్టవచ్చు, గోపురం నిలపవచ్చు, బంతివలె చుట్టవచ్చు.

ఈ ముడులకు పేర్లున్నవి. "కొరోబా" అంటే బకెట్టు. జుట్టంతా నడినెత్తినుండి చుట్టూ క్రిందికి దిగి, బోర్లించిన బకెట్టువలె ఉంటుంది. "అబెబె" అంటే విసనకర్ర. "పాతెవో" అంటే చప్పట్లు. రెండు ప్రక్కలనుండి వచ్చిన చాళ్ళు నడినెత్తిన, చప్పట్లు కొట్టే చేతులవలె కలుసుకొంటవి. "ఇపాకో ఎలెదె" అంటే పందిమెడ. జడలు మెడనుండి ముందుకు పోతవి. అనాసపండు పేరున ఒక ముడి ఉన్నది. "ఓనిలె గొగొరో" అంటే ఎత్తయిన మేడగలవారు అని అర్థం. నగరంలో మేడలు లేస్తూ ఉంటే జుట్టు కూడా అంతస్తులు కట్టిందన్నమాట. 1975 లో లాగోస్‌లో ఎకో వంతెన పూర్తయింది. ఆ వంతెన పేరనూ ఒక ముడి వెలసింది. 1967 నుండి 1970 వరకు ఆ దేశంలో ఘోరమైన అంతర్యుద్ధం జరిగింది. అది ముగిసిన దినాలలో "ఓగున్ పారి" అనే ముడి వచ్చింది. ఆ మాటకు "యుద్ధం అయిపోయినది" అని అర్థం. ఆ వార్తను ఆ దేశపు స్త్రీలు తలమీద పెట్టుకొని తిరిగారు.

ముఖం లేని చిత్రాలు

ఓజెయికెరె గారు వీధులలోను, ఆఫీసులలోను, విందులలోను తటస్థపడిన ముడులను చూచి, ఆ స్త్రీలను అడిగి ఫొటోలు తీశారు. అన్నీ తెలుపు నలుపు చిత్రాలే. వెనుక సాదా తెర. కొన్ని ప్రక్కనుండి తీసినవి. ముందునుండి తీసినవి బహుకొద్ది. ఎక్కువభాగం వెనుకనుండి తీసినవే. మెడ, భుజాల అంచు, కొద్దిగా చెవి, దానిపైన ఆ నిర్మాణం. చూచేవారి కంటికి ముందు అది జుట్టని కూడా తోచదు. నల్లరాతిలో చెక్కిన ఏదో దేవాలయపు శిఖరమనిపిస్తుంది. దువ్వెన తీసిన పాపిటగీత మీద వెలుతురు పడి, ఆ గీత తెల్లగా మెరుస్తూ, చాలు ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగినదో చూపిస్తుంది.

వెనుకనుండి ఎందుకు తీయవలె నని ఎవరైనా అడుగవచ్చును. ముఖం కనబడితే మన కన్ను ముఖాన్నే చూస్తుంది. ఎవరీమె, అందగత్తెయా, నవ్వుతున్నదా, ఎవరి పిల్ల — ఈ ప్రశ్నలలో పడి జుట్టును మరచిపోతాము. ముఖాన్ని అటు తిప్పితే చేతిపని మిగులుతుంది. ఇంకొక సంగతి కూడా మాకు తోచింది. తల వెనుక ఉన్న ముడిని, దానిని ధరించిన మనిషి తాను చూడలేదు. అది ఇతరులు చూడటానికి వేసినది. వీధిలో ఆమె వెనుక నడిచేవారికి ఎవరికి ఏది కనబడుతుందో, ఆ ఫొటోగ్రాఫరు దానినే తీశారు.

వారు ఈ పనికి పూనుకొనటానికి ముఖ్యకారణం మరొకటి. రాతిశిల్పం వెయ్యేండ్లుంటుంది. జుట్టుశిల్పం కొద్ది రోజులే. గంటలకొద్దీ కూర్చుండి వేయించుకొన్న ముడి, నాలుగు వారాలు తిరక్కముందే విప్పి, తల అంటుకొని, మరొకటి వేసుకోవలసినదే. పైగా ఆ కాలంలో నగరాలలో సవరపు టోపీలు, జుట్టును వేడిదువ్వెనతో సాగదీసుకొనటం వాడుకలోకి వచ్చినవి. ఒకప్రక్క పాతముడులు పోతున్నవి. ఒకప్రక్క స్వాతంత్ర్యం వచ్చిన ఉత్సాహంలో కొత్తముడులు పుడుతున్నవి. పట్టి ఉంచకపోతే ఏ ఒక్కటీ మిగలదు. అందుచేతనే ఆయన తమ చిత్రాలను రాబోయే తరాల వారికోసం దాచే భోషాణంగా భావించుకొన్నారు. ముడులతోపాటు, స్త్రీలు తలకు చుట్టుకొనే "గెలె" అనే గట్టి వస్త్రపు పాగాలను కూడా ఫొటోలు తీశారు.

చాలా యేండ్లవరకు ఈ చిత్రాల సంగతి దేశం వెలుపల ఎక్కువమందికి తెలియదు. 2000 సంవత్సరంలో పారిస్ నగరంలో కార్తియే సంస్థవారు వీటిని ప్రదర్శించారు. పుస్తకం కూడా వచ్చింది. 2013 లో, ఇటలీలోని వెనిస్ నగరంలో జరిగే ప్రసిద్ధ కళాప్రదర్శనలో వీటిని పెట్టారు. అప్పటికి ఓజెయికెరె గారికి 83 యేండ్లు. మరుసటి యేడు మొదట్లో పోయారు. కష్టానికి ఫలితం కళ్ళారా చూచిపోయారని మనం సంతోషించవచ్చు.

జుట్టుమీద చట్టాలు

ఇదంతా కేవలం సింగారపు ముచ్చట అనుకొంటే పొరపాటు. నల్లజాతివారి జుట్టుమీద గవర్నమెంటులే చట్టాలు చేసిన కాలమున్నది. 1786 లో, స్పెయినువారి ఏలుబడిలో ఉన్న లూయిసియానాలో, ఆఫ్రికా రక్తంగల స్త్రీలు తలకు విధిగా గుడ్డ కట్టుకొని తిరగవలెనని గవర్నరు మిరో శాసించాడు. వారి ముడుల అందం దొరసానులకు కంటగింపైనదట! ఆ స్త్రీలు గుడ్డ కట్టుకొన్నారు సరే, రంగురంగుల పట్టుగుడ్డలు తెచ్చి, నగలు గ్రుచ్చి, ఈకలు పెట్టి, మునుపటికన్నా అందంగా కట్టుకొన్నారు.

దక్షిణాఫ్రికా సంగతి మన తెలుగువారికి పరాయి సంగతి కాదు. 1860 నుండి నేటాల్ చెరకుతోటలకు కూలికి పోయినవారిలో మనవారు చాలామంది ఉన్నారు. వారి సంతతి ఈనాటికీ అక్కడ స్థిరపడి ఉన్నది. ఆ దేశంలో 1950 లో జనులను జాతులవారీగా నమోదుచేసే చట్టం వచ్చింది. ఎవరు ఏ జాతివారో సందేహం వచ్చినప్పుడు, కొందరు అధికారులు మనిషి జుట్టులో ఒక పెన్సిలు దూర్చి చూచేవారు. పెన్సిలు జారి పడితే ఒక జాతి. చిక్కుకొని నిలిస్తే మరొక జాతి. మనిషి ఎక్కడ కాపురముండవలెనో, పిల్లలు ఏ బడికి పోవలెనో, ఎవరిని పెళ్ళాడవచ్చునో, ఆ పెన్సిలు తేల్చేది. ప్రతిరోజూ పెన్సిలు పట్టుకొని పనిచేసే మాబోటి గుమాస్తాలకు ఈ సంగతి చదివినప్పుడు చేతిలోని వస్తువు బరువెక్కినట్లనిపిస్తుంది. ఆ చట్టాన్ని 1991 లో రద్దుచేశారు.

అమెరికాలో ఈ అవమానానికి జవాబుగా ఫొటోగ్రాఫరు క్వామే బ్రాత్‌వైట్ గారు, వారి మిత్రులు కలిసి 1962 జనవరి 28 వ తేదీన న్యూయార్కులోని హార్లెం పేటలో ఒక ప్రదర్శన జరిపారు. నల్లని మేనిఛాయగల యువతులు, జుట్టును సాగదీయకుండా ఉన్నదున్నట్లుగా దువ్వుకొని, రంగస్థలం మీద నడిచారు. బ్రాత్‌వైట్ గారు తీసిన వారి చిత్రాలు, "నలుపే సొగసు" అనే నినాదం ఊరూరా వ్యాపించటానికి తోడ్పడినవి. వారు 2023 లో పరమపదించారు. ఇంతమంది ఇంతకాలం పాటుబడిన తరువాత కూడా, జడల చాళ్ళతో వచ్చిన పిల్లను బడినుండి, ఉద్యోగినిని ఆఫీసునుండి పంపివేయరాదని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసినది 2019 లో మాత్రమే. అటుపిమ్మట మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టినవి.

ఈ కథలో మన ఆంధ్రదేశానికీ ఒక పోగు ఉన్నది. తిరుమల కొండమీద మొక్కు తీర్చుకొన్నవారు సమర్పించిన తలనీలాలను దేవస్థానంవారు వేలం వేస్తారన్నది అందరికీ తెలిసినదే. ఆ జుట్టు సవరాలుగా మారి సముద్రాలు దాటిపోతుంది. అమెరికాలో దానిని కొని ధరించేవారిలో నల్లజాతి స్త్రీలు చాలామంది. ఆ దేశపు హాస్యనటుడు క్రిస్ రాక్ 2009 లో తీసిన "గుడ్ హెయిర్" అనే చిత్రంలో ఈ వర్తకం సంగతి తెలిసికొనటానికి మనదేశం వచ్చాడు. ఇక్కడ భక్తితో అహంకారాన్ని వదలుకొన్న తల, అక్కడ ఒకరి అభిమానాన్ని నిలబెట్టే తల — రెంటిమధ్య తిరిగేది ఒకే జుట్టు!

మన యింటి సంగతి

మేముండే బెంగుళూరు నగరంలో ఆఫ్రికా దేశాలనుండి వచ్చి చదువుకొనే విద్యార్థినులు ఉన్నారు. ఒకనాటి సాయంత్రం సిటీబస్సులో అట్టి అమ్మాయి ఒకతె మా ముందు వరుసలో కూర్చున్నది. తలనిండా సన్నని జడలు. వాటిని వెనుకకు కూర్చి కట్టిన తీరు బుట్టల్లికవలె ఉన్నది. వెనుకనున్న ఇద్దరు మగపిల్లలు అడగకుండా ఆమె జడను తాకి, లాగి, నవ్వుకొన్నారు. ఆమె తిరిగి చూచి, ఏమీ అనకుండా, జడలన్నిటినీ ముందుకు వేసికొని కూర్చున్నది. ప్రక్కనున్న ఒక ముసలి కన్నడపు తల్లి ఆ పిల్లలను గట్టిగా చీవాట్లు పెట్టి, ఆ అమ్మాయితో చేతిసైగలతోనే "ఎన్ని గంటలు పట్టింది?" అని అడిగింది. అమ్మాయి ఆరు వేళ్ళు చూపింది. ఆ తల్లి బుగ్గన చెయ్యి వేసుకొన్నది. అంతవరకు వింతగా చూస్తున్న బస్సులోని ఆడవారందరూ అప్పుడు ఆ తలను పనితనంగా చూడటం మొదలుపెట్టారు. ఎన్ని గంటలు పట్టిందన్న ఒక్క ప్రశ్న ఎంత మార్పు తెచ్చింది!

మన ఇళ్ళలో మాత్రం జుట్టుమీద తీర్పులు లేవా? పెళ్ళిచూపులకు వచ్చినవారు జడ నిజమైనదా, సవరమా అని తడిమి చూచిన రోజులు మన తల్లులకు జ్ఞాపకమే. ఉంగరాల జుట్టు పిల్లను "గొర్రెబొచ్చు" అని ఎగతాళి చేయటం, నూనె పెట్టి అణచి లాగి బిగించి దువ్వటం ఇప్పటికీ చూస్తున్నాము. ఇప్పుడు ఇస్త్రీపెట్టె వంటి పరికరాలతో దానిని సాగదీయటానికి ఆడపిల్లలు డబ్బు పోస్తున్నారు. పుట్టిన జుట్టు తప్పుగా పుట్టినదని పసితనంలోనే పిల్లకు నేర్పినవారు పరాయివారు కారు. ఆమె మేలు కోరినవారే. అదీ విచారకరం.

అట్లని జడ గౌరవం మనకు తెలియనిది కాదు. కూచిపూడివారి భామాకలాపంలో సత్యభామ తన జడను తెరపైనుండి విసరి, తన్ను మించినవారుంటే రమ్మని సవాలు చేస్తుంది. ఓడితే ఆ జడను కోసి ఇస్తానంటుంది. ముఖం కనబడకముందే జడ సభకు వచ్చి మాట్లాడుతుంది. నైజీరియా చిత్రాలను మనవారెవరైనా చూస్తే, ఈ భాష తమకు కొంత తెలిసినదేనని గ్రహిస్తారు.

ఒక మనవి

ఓజెయికెరె గారి చిత్రాలకు శీర్షికలుగా ముడుల పేర్లున్నవి. కాని ఆ ముడి వేసిన చేతి పేరు శీర్షికలో లేదు. ఆరు గంటలు నిలబడి ఆ గోపురాన్ని కట్టిన స్త్రీ ఎవరో చూచేవారికి తెలియదు. ఇది ఆ మహనీయుని పనికి వంక పెట్టటం కాదు. వారు దాచకపోతే ముడే మిగిలేది కాదు. వారు విడిచిన చోటనుండి మనం ఒక అడుగు వేయవచ్చునని మాత్రమే మా మనవి.

ఆంధ్రదేశం వదలి రెండు మూడు తరాలయిన మనవంటి కుటుంబాలలో, ఊరినుండి తెచ్చుకొన్న ముడులు, కొప్పులు, జడకుచ్చులు, జడబిళ్ళలు ఇంకా కొన్ని ఉన్నవి. కొన్ని ఇక్కడి కన్నడ, తమిళ వాడుకలతో కలిసి కొత్తరూపం పొందినవి. ఐదుపాయల జడ అల్లగల ముసలమ్మలు, మొగలిరేకులు మడిచి కుట్టగల పెద్దమ్మలు మన సంఘంలోనే ఉన్నారు. వారు చేసేది ఎవరూ ఎక్కడా వ్రాసిపెట్టలేదు. ఈనాడు ప్రతి చేతిలోనూ ఫొటోలు తీసే ఫోను ఉన్నది. మూడేండ్లు అర్జీలు పెట్టవలసిన పని లేదు. ఈసారి ఇంట్లో శుభకార్యం జరిగినప్పుడు, పిల్లను ఒక్క నిమిషం అటు తిరగమని, సాదాగోడ ముందు, మంచి వెలుతురులో ఆ జడను ఫొటో తీయండి. అచ్చు వేయించి, వెనుక నాలుగు మాటలు వ్రాయండి: జడ పేరు, ఊరు, తేదీ. వాటి క్రింద, దానిని వేసిన అమ్మమ్మ పేరో, పిన్ని పేరో, అత్తగారి పేరో మరువకుండా పూర్తిగా వ్రాయండి.